గారమండ్ ఇటాలిక్‌ను పుస్తకంలో వాడే పద్ధతి

తెలుగు, ఇంగ్లీషు కలిసి వచ్చే పుస్తకాన్నో పరిశోధన గ్రంథాన్నో కంపోజ్ చేసేవారు ఇంగ్లీషు భాగానికి గారమండ్ అనే ఫాంటును ఎంచుకుంటే సగం పని అయినట్టే. మిగిలిన సగం దాని ఇటాలిక్ దగ్గర చెడుతుంది. బటన్ నొక్కగానే అక్షరం కుడికి వంగింది కదా అని చాలామంది సరిపెట్టుకుంటారు. కానీ ఇటాలిక్ పుట్టింది అక్షరాన్ని వంచడం వల్ల కాదు, చేతిరాత నుంచి. 1501లో వెనిస్ నగరంలో ఆల్డస్ మనూషియస్ అనే ముద్రాపకుడు లాటిన్ కవి వర్జిల్ కావ్యాలను చేతిలో ఇమిడే చిన్న సైజులో అచ్చు వేసినప్పుడు, ఆనాటి పండితుల గొలుసుకట్టు రాతను అనుసరించి ఫ్రాంచెస్కో గ్రిఫో చెక్కిన అక్షరాలతోనే పుస్తకమంతా కూర్చారు. అందులో పెద్దబడి అక్షరాలు మాత్రం నిటారుగానే ఉండేవి. నిటారు అక్షరాల నడుమ ఒక మాటను వేరుచేసి చూపడానికి ఇటాలిక్‌ను వాడే అలవాటు ఆ తర్వాత స్థిరపడింది.

ముందుగా ఏ గారమండ్ అన్నది తేల్చుకోవాలి. వర్డ్‌తో పాటు వచ్చే గారమండ్ మోనోటైప్ సంస్థ రూపొందించినది. దానికి మూలం పదహారో శతాబ్దపు ఫ్రెంచి అక్షరశిల్పి క్లాడ్ గారమండ్ చెక్కిన అచ్చులు కావని, ఆయన తర్వాతి తరాలవాడైన ఝాన్ ఝనోన్ అచ్చులని ముద్రణ చరిత్ర పరిశోధకురాలు బియాట్రిస్ వార్డ్ 1926లో నిరూపించారు. ఉచితంగా దొరికే ఈబీ గారమండ్‌కు ఆధారం 1592లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో వెలువడిన ఎగెనోల్ఫ్-బెర్నర్ అచ్చు అక్షరాల నమూనా పత్రం. ఆ పత్రంలో నిటారు అక్షరాలు గారమండ్‌వి, ఇటాలిక్‌లు రాబర్ట్ గ్రాంజోన్‌వి. అంటే మనం గారమండ్ ఇటాలిక్ అని పిలిచేది నిజానికి మరో శిల్పి చేతిపని. పుస్తకానికి నేను ఈబీ గారమండ్‌నే ఎంచుకుంటాను. గ్రాంజోన్ ఇటాలిక్‌లో చురుకుదనం ఉంది, అయినా కంటికి బరువనిపించదు.

ఫాంటును దించుకునేటప్పుడు నిటారు ఫైలుతో పాటు ఇటాలిక్ ఫైలును కూడా కంప్యూటరులో చేర్చాలి. రెండోది లేకపోతే చాలా సాఫ్ట్‌వేర్లు నిటారు అక్షరాన్నే పక్కకు నెట్టి, ఇటాలిక్ అన్నట్టు చూపిస్తాయి. ఈ మోసాన్ని పట్టుకోవడం తేలిక. ఇంగ్లీషు చిన్నబడి ‘ఏ’ను పెద్ద సైజులో టైపు చేసి చూడండి. నిటారు రూపంలో దానికి పైన ఒక కొక్కెం, కింద ఒక పొట్ట ఉంటాయి. అసలైన ఇటాలిక్‌లో కొక్కెం ఉండదు, చేత్తో రాసినట్టు ఒకే పొట్ట, దాని పక్కన గీత ఉంటాయి. ‘ఎఫ్’ తోక అక్షరాలు కూర్చునే గీత కిందికి దిగుతుంది. ఈ రెండూ కనిపించకపోతే అది వంచిన అక్షరమే. వెబ్ పేజీల్లో ఇటాలిక్ ఫైలును కూడా జతచేసి, పేజీ రూపాన్ని నిర్దేశించే సీఎస్ఎస్‌లో ఫాంట్-సింథసిస్ (font-synthesis)కు ‘నన్’ (none) అని ఇస్తే బ్రౌజరు తనంతట తాను అక్షరాలను వంచదు.

ఈబీ గారమండ్ చిన్నబడి అక్షరాల ఎత్తు తక్కువ కనుక, ఇతర ఫాంట్లకు 11 పాయింట్లు చాలేచోట దీనికి 12 ఇవ్వడం మంచిది. ఇటాలిక్ ఇంకా ఇరుకుగా, పలచగా కనిపిస్తుంది. పేజీలకు పేజీలు దానితో నింపితే కన్ను అలసిపోతుంది. పుస్తకాల, పత్రికల పేర్లకు, ఓడల పేర్లకు, జీవుల శాస్త్రీయ నామాలకు, అరుదుగా ఒక మాటను నొక్కి చెప్పడానికి వాడితే చాలు. వ్యవసాయ పరిశోధన గ్రంథంలో వరి శాస్త్రీయ నామమైన ఒరైజా సటైవాను ఇంగ్లీషులో ఇటాలిక్‌లో పెట్టాలి, కానీ దాని వెంట ఆ పేరు పెట్టిన శాస్త్రవేత్త లినేయస్‌ను సూచిస్తూ వచ్చే ‘ఎల్’ నిటారుగానే ఉండాలి. వాక్యమంతా ఇటాలిక్‌లో ఉంటే, అందులో వేరుచేయాల్సిన మాటను తిరిగి నిటారుగా మార్చాలి.

అన్నిటికంటే ఎక్కువగా చెడేది అంచుల దగ్గర. ఇటాలిక్ మాట చివర ‘ఎఫ్’ గానీ ‘డీ’ గానీ వచ్చి, వెంటనే నిటారు బ్రాకెట్ ముగిస్తే, అక్షరం తల బ్రాకెట్‌ను తాకుతుంది. అక్కడ వెంట్రుకవాసి ఖాళీని చేత్తో ఇవ్వాలి. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లోనైతే ఆ రెండింటి మధ్య కెర్నింగ్‌ను, అంటే అక్షరాల నడిమి ఎడాన్ని, 40, 50 వరకు పెంచి చూడవచ్చు. సాగిన తోకలున్న స్వాష్ పెద్దబడి అక్షరాలు శుభలేఖలో పేరు మొదట ఒకటి ఉంటే అందం. మాటంతా వాటితోనే రాస్తే పేరు చదవలేము. వధూవరుల పేర్ల మధ్య వచ్చే ఆంపర్‌శాండ్‌ను (&) మాత్రం, పేర్లు నిటారుగా ఉన్నా సరే, ఇటాలిక్ నుంచి తెచ్చుకోవచ్చు.

తెలుగు మాటకు ఈ బటన్ జోలికి పోకపోవడమే మేలు. మన ఫాంట్లలో చాలావాటికి ఇటాలిక్ ఫైలే లేదు కనుక, సాఫ్ట్‌వేర్ అక్షరాన్ని పక్కకు వంచినప్పుడు గుండ్రాలు కోడిగుడ్లవుతాయి, తలకట్టు కుడికి, కింది వత్తు ఎడమకు జరుగుతాయి. ఇంగ్లీషులో ఇటాలిక్ చేసే పనిని తెలుగులో ఒంటి కొటేషన్లకో బోల్డ్‌కో అప్పగించి, పుస్తకమంతటా ఆ ఒక్క పద్ధతినే పాటించాలి. ప్రెస్‌కు పంపే పీడీఎఫ్‌లో ఫాంట్ల జాబితా తెరిచి, ఇటాలిక్ పేరు విడిగా ఉందో లేదో చూసుకున్నాక, రెండు పేజీలను అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీసి బ్రాకెట్లను, కామాలను ఒక్కొక్కటిగా సరిచూడండి; తెర మీద 200 శాతానికి పెంచి చూసినప్పుడు బాగుందనిపించిన ఖాళీ, కాగితం మీద వేరుగా కనిపించవచ్చు.