ఉద్యోగం చేస్తూ చదువుకోవడం ఎలా: హైదరాబాద్ అమ్మాయిల కోసం

"నీకు చదవడానికి టైమ్ ఎక్కడ దొరుకుతుంది" అని ఆఫీస్‌లో కొత్తగా చేరిన అమ్మాయిలు తరచూ అడుగుతుంటారు, ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నా. ముందే ఒక మాట. నా లెక్కలో చదవడం అంటే కథల పుస్తకం ఒక్కటే కాదు, మీ ఆఫర్ లెటర్, మీ పే స్లిప్, కంపెనీ లీవ్ పాలసీ ఇవన్నీ కూడా చదవాల్సినవే. కథ చివరిదాకా చదివే అలవాటున్న మనిషి అగ్రిమెంట్ కూడా చివరి పేజీ దాకా చదువుతుంది, ఆ అలవాటు లేకపోతే సంతకం ఎక్కడ పెట్టాలో వెతుక్కుంటుంది. అందుకే ఈ రెండూ కలిపే చెప్తున్నా.

మొదట ప్రయాణం సంగతి. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా మెట్రో దాదాపు 29 కిలోమీటర్లు, నాగోల్ నుంచి రాయదుర్గం కూడా కాస్త అటూఇటూగా అంతే, ఈ చివర ఎక్కి ఆ చివర దిగేవాళ్ళకి రానూపోనూ రోజుకి గంటన్నర పైనే పడుతుంది. ఇంట్లో మీకు ఇంత టైమ్ ఎవరూ ఇవ్వరు, ఇక్కడ మాత్రం ఎవరూ పిలవరు, పని చెప్పరు, కాబట్టి చదువుకి చోటు పెట్టాల్సింది ఇక్కడే. లేడీస్ కోచ్‌లో పొద్దున తొమ్మిదింటికి నిలబడటానికే చోటుండదు, ఒక చేత్తో రాడ్ పట్టుకుని ఇంకో చేత్తో లావు నవల పట్టుకోవడం అయ్యే పని కాదు, అందుకని పొద్దున పూట నూట యాభై పేజీల లోపు సన్న పుస్తకం గానీ ఫోన్‌లో కథ గానీ పెట్టుకోండి, లావువి ఇంట్లో ఉంచండి. అమీర్‌పేటలో లైన్ మారేవాళ్ళయితే అమీర్‌పేట దాకా మీకు నచ్చింది చదవండి, మారాక ఆఫీస్‌కి పనికొచ్చేది చదవండి, చదువు మార్చడానికి ఆ స్టేషన్ భలే గుర్తుగా పనికొస్తుంది. ఫోన్‌లో రీల్స్ వచ్చే యాప్‌లు మొదటి స్క్రీన్ మీంచి తీసేసి అక్కడ చదివే యాప్ పెట్టండి, వేలు అలవాటు ప్రకారం ఎక్కడికి పోతుందో అక్కడ కథ కనపడాలి.

బస్సులో వెళ్ళేవాళ్ళలో చాలామందికి చదివితే కళ్ళు తిరుగుతాయి, వాళ్ళు వినండి. దాసుభాషితం యాప్‌లో తెలుగు ఆడియో పుస్తకాలు బోలెడు ఉన్నాయి. ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకోండి, రెండో చెవి రోడ్డు మీద ఉండాలి, ముఖ్యంగా రాత్రి షిఫ్ట్ అయిపోయి వచ్చేటప్పుడు. ఇంకో సంగతి, తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ డబ్బుల్లేవు, ఆంధ్రలో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో ఇలాంటి ఉచిత బస్సు పథకమే మొదలైంది. అంతకుముందు పాస్‌కి పెట్టిన డబ్బులో సగమైనా పుస్తకాలకి పక్కన పెట్టుకుంటే నెలకి ఒకటి రెండు పుస్తకాలు హాయిగా వస్తాయి.

ఇంట్లో చదవడం దీనికన్నా కష్టం, కారణం టైమ్ కాదు. ఆడమనిషి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే పనిలో ఉందనుకుంటారు, పుస్తకం పట్టుకుంటే ఖాళీగా ఉందనుకుంటారు, వెంటనే "కాస్త ఆ చట్నీ మిక్సీ వెయ్యమ్మా" అని పిలుపొస్తుంది. పిలిచేవాళ్ళు చెడ్డవాళ్ళని కాదు, వాళ్ళకి అది పనిలా కనపడదు అంతే. దీనికి విసుక్కుంటే లాభం లేదు, ముందే చెప్పి పెట్టుకోవాలి. "అత్తయ్యా, తొమ్మిదిన్నర నుంచి పది దాకా నేను చదువుకుంటాను, ఏదన్నా ఉంటే ముందే చెప్పండి, చేసేసి కూర్చుంటా" అని ఒక వారం రోజులు అదే మాట అదే టైమ్‌కి చెప్తే ఇల్లంతా దానికి అలవాటు పడుతుంది. ఆ అరగంట పిల్లల హోంవర్క్ మీ ఆయన చూడాలి, ఇది అడగాల్సిన విషయం, మొహమాటపడాల్సింది కాదు. హాస్టల్లో ఉండేవాళ్ళకి ఈ బాధ లేదు గానీ రూమ్‌మేట్ పడుకున్నాక లైట్ సమస్య ఉంటుంది, క్లిప్ లైట్ ఒకటి కొనుక్కోండి.

ఇంగ్లీష్ మీడియంలో చదివిన అమ్మాయిలు చాలామంది "తెలుగు మాట్లాడతా కానీ చదవడం చాలా స్లో" అంటారు. స్లో అయితే ఏమైంది, చిన్న కథలతో మొదలుపెట్టండి, మొదటి వారం పైకి చదవండి, కళ్ళకి తెలియని మాట చెవికి తెలుస్తుంది, మీ అమ్మమ్మ నోట విన్న మాటే అక్షరాల్లో ఉంటుంది. శ్రీకాకుళంలో 1997లో పెట్టిన తెలుగు కథల లైబ్రరీ కథానిలయం వాళ్ళ వెబ్‌సైట్‌లో పాత పత్రికల్లో వచ్చిన కథలు స్కాన్ చేసి పెట్టారు, ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో పాత తెలుగు పుస్తకాలు వేలల్లో ఉన్నాయి, రూపాయి ఖర్చు లేదు. రోజుకి పది పేజీలు చాలు, నెలకి మూడొందలు, అంటే మామూలు సైజు పుస్తకం ఒకటిన్నర. దీనికి మించి టార్గెట్లు పెట్టుకోవద్దనే నేను చెప్తా, ఏడాదికి ఇన్ని పుస్తకాలు అని లెక్క పెట్టుకునేవాళ్ళు సన్నవి ఏరుకుని చదవడం మొదలుపెడతారు.

కాగితం పుస్తకమే కావాలనుకుంటే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్‌కి వెళ్ళండి, షాపులు మూసి ఉంటాయి, వాటి ముందంతా పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. పొద్దున్నే వెళ్తే ఎండా తప్పుతుంది, మంచివీ దొరుకుతాయి. మామూలు రోజుల్లో అయితే కోఠి. సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం ఉంది, 1901లో పెట్టింది, కోఠి షాపింగ్‌కి వెళ్ళిన ప్రతిసారీ దాని పక్కనుంచే పోతూ లోపలికి తొంగి చూడని వాళ్ళు ఎంతమందో. అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఇంకా పాతది, 1891 నాటిది. చిక్కడపల్లి లైబ్రరీ మాత్రం గ్రూప్స్‌కి, ఇతర పోటీ పరీక్షలకి ప్రిపేరయ్యేవాళ్ళతో నిండి ఉంటుంది, సీటు కోసం పొద్దున్నే వెళ్ళాలి. చలికాలంలో బుక్ ఫెయిర్ వస్తుంది కదా, దానికి లిస్ట్ రాసుకుని వెళ్ళండి, లేకపోతే డిస్కౌంట్ చూసి చదవనివి కొనేస్తాం.

చదివింది నిలవాలంటే నోట్‌బుక్ ఉండాలి. మంచి వాక్యాలు ఎత్తి రాసుకోవడం కాదు, చదివాక మీకు తట్టింది మీ మాటల్లో ఒక్క వాక్యం, పక్కన తేదీ, పేజీ నంబర్. అంతే. ఇది రోజూ చేసే చెయ్యి కొన్నాళ్ళకి ఆఫీస్ మెయిల్ కూడా సూటిగా రాస్తుంది, అసలు విషయం మొదటి లైన్‌లో పెట్టడం వస్తుంది. అదే నోట్‌బుక్‌ని వెనక నుంచి తిప్పి శుక్రవారం సాయంత్రం ల్యాప్‌టాప్ మూసే ముందు ఆ వారం ఏం చేశారో నాలుగు లైన్లు రాయండి. "క్లయింట్ రిపోర్ట్ చేశా" అని కాదు, "రెండు రోజులు పట్టే రిపోర్ట్ ఫార్మాట్ మార్చి సగం రోజులో ఇచ్చా, ఫలానా వాళ్ళు బాగుందని మెయిల్ పెట్టారు" అని. అప్రైజల్ (ఏడాది పనికి రేటింగ్ ఇచ్చే) ఫారం నింపేటప్పుడు ఏప్రిల్‌లో చేసింది మార్చిలో ఎవరికీ గుర్తుండదు, మేనేజర్‌కి అసలే ఉండదు.

ఇప్పుడు అసలైన చదువు, ఆఫర్ లెటర్. ఏడాదికి 6 లక్షల సీటీసీ (కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు) అంటే నెలకి 50 వేలు అనుకుని రూమ్ అద్దె మాట్లాడేసుకుంటారు. చివరి పేజీలో టేబుల్ ఉంటుంది, దాన్ని వేలు పెట్టి ఒక్కో లైన్ చదవండి. అందులో 60 వేలు వేరియబుల్ అనుకుందాం, అది నెలనెలా రాదు, కంపెనీ రిజల్ట్స్ బట్టి వస్తుంది, తగ్గొచ్చు కూడా. బేసిక్ (మూల జీతం) నెలకి 25 వేలు అయితే దాని మీద 12 శాతం, అంటే 3 వేలు, కంపెనీ వాటా పీఎఫ్, అదీ సీటీసీలోనే కలిపేస్తారు. గ్రాట్యుటీ (కొన్నేళ్ళు పనిచేసి మానేటప్పుడు ఇచ్చే డబ్బు) పేరుతో బేసిక్‌లో 4.81 శాతం, ఏడాదికి పద్నాలుగు వేల చిల్లర, అదీ లోపలే. ఇవన్నీ తీసేస్తే నెలకి దాదాపు 40,800, అందులో మళ్ళీ మీ వాటా పీఎఫ్ 3 వేలు, తెలంగాణలో ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే చేతికొచ్చేది 37,600. యాభైకీ దీనికీ ఎంత తేడానో చూడండి. కొన్ని కంపెనీలు బేసిక్ ఎంతున్నా పీఎఫ్ 15 వేల మీదే కట్టి 1,800 చూపిస్తాయి, అప్పుడు లెక్క మారుతుంది, కాబట్టి హెచ్‌ఆర్‌ని "ఇన్‌హ్యాండ్ ఎంత, వేరియబుల్ ఎంత, ఎప్పుడిస్తారు" అని మెయిల్‌లో అడగండి, ఫోన్‌లో కాదు.

అదే లెటర్‌లో నోటీస్ పీరియడ్ ఎన్ని రోజులో, బాండ్ (ఇన్నాళ్ళు మానకూడదనే షరతు) ఉందో లేదో, సర్టిఫికెట్లు ఒరిజినల్స్ అడుగుతున్నారో చూడండి. ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోవాలి, వాళ్ళ దగ్గర వదిలి రావద్దు. ఉద్యోగం మారినప్పుడు పీఎఫ్ పాత యూఏఎన్‌లోనే (మీ పీఎఫ్ నంబర్, ఉద్యోగం మారినా అదే ఉంటుంది) కొనసాగించి ట్రాన్స్‌ఫర్ పెట్టుకోండి, ఐదేళ్ళ సర్వీస్ నిండకుండా తీసేస్తే దాని మీద ట్యాక్స్ పడుతుంది.

పెళ్ళి కాలేదు కదా నాకెందుకు అని మెటర్నిటీ పాలసీ చదవకుండా వదిలెయ్యొద్దు. మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల జీతంతో కూడిన సెలవు చట్టంలో ఉంది, అంతకుముందు ఏడాదిలో కనీసం 80 రోజులు పని చేసి ఉండాలి. అది కంపెనీ దయ కాదు. అలాగే పది మంది లేదా అంతకంటే ఎక్కువ పని చేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులకి ఇంటర్నల్ కమిటీ ఉండాలని 2013 చట్టం చెప్తోంది, దానికి హెడ్‌గా సీనియర్ మహిళ ఉండాలి, జరిగిన మూడు నెలల లోపు రాతలో ఫిర్యాదు ఇవ్వాలి, సరైన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పొడిగిస్తారు. చేరిన మొదటి వారమే ఆ కమిటీలో ఎవరున్నారో పేర్లు చూసి పెట్టుకోండి, అవసరం పడ్డ రోజు ఎవర్ని అడగాలో తెలియక నెలలు గడిచిపోతాయి.

ఇక హైక్. అడగడానికి మొహమాటం మనకి చిన్నప్పట్నుంచి నేర్పిందే, "వాళ్ళే చూసి ఇస్తారులే" అనుకుంటాం, చూసే తీరిక వాళ్ళకి ఉండదు. శుక్రవారాల నోట్స్ ముందు పెట్టుకుని అందులోంచి గట్టివి మూడు ఏరండి, అప్రైజల్ రేటింగులు ఫైనల్ కాకముందే మేనేజర్‌ని అరగంట టైమ్ అడగండి, అయిపోయాక అడిగితే బడ్జెట్ లేదంటారు, అప్పటికి అది నిజమే అయి ఉంటుంది కూడా. ఇంటి అద్దె పెరిగింది, స్కూల్ ఫీజులు కట్టాలి అని మొదలుపెట్టొద్దు, అవి నిజమైన కష్టాలే కానీ దాని మీద ఎవరూ జీతం పెంచరు. "సర్, ఈ ఏడాది నేను ఈ మూడు పనులు చేశాను, వీటివల్ల టీమ్‌కి ఇంత టైమ్ మిగిలింది, నేను ఇంత శాతం అనుకుంటున్నాను" అని నంబర్ చెప్పి ఆగిపోండి. ఆగడమే కష్టం, మన నోరు వెంటనే "కుదరకపోతే పర్లేదు సర్" అనేస్తుంది, ఆ వాక్యం అస్సలు అనొద్దు. బయటికొచ్చాక అదే రోజు చిన్న మెయిల్ పెట్టండి, "ఇవాళ మనం మాట్లాడుకున్నవి ఇవి, మీరు ఫలానా తేదీ లోపు చెప్తానన్నారు, థాంక్యూ" అని, ఆ తేదీ వచ్చిన మర్నాడు పొద్దున అదే మెయిల్‌కి రిప్లై కొట్టి "సర్, అప్‌డేట్ ఏమైనా ఉందా" అని అడగండి.