తుపాను రాకముందే పెరటి ముసలి చెట్టు సంగతి తేల్చుకోండి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో విశాఖ తీరాన్ని దాటింది. ఆ రోజు ఇళ్ల మీద, కార్ల మీద, కరెంటు తీగల మీద కూలిన చెట్లలో అంతకుముందు దాకా పచ్చగా, నిండుగా ఉన్నవే ఎన్నో. కోస్తాలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ భయం ఏటా ఉండేదే. పెరట్లో పెద్ద చెట్టు ఉన్నవారు దాన్ని ఉంచాలో తీసేయాలో ఆగస్టులోనే తేల్చుకోవాలి. హెచ్చరిక వెలువడ్డాక హడావిడిగా గొడ్డలి పట్టుకుంటే చెట్టు కంటే ముందు మనిషికే ప్రమాదం.

ముసలిదైందని ఏ చెట్టునూ కొట్టేయకండి. తాతల నాటి చింత ఎన్నో తుపాన్లను తట్టుకుని నిలుస్తుంది. దాని వయసులో సగం కూడా లేని తురాయి ఒక్క గాలివానకే ఒరిగిపోతుంది. తురాయి వేళ్లు చాలావరకు పైపైనే పరుచుకుంటాయి, కొమ్మలు పెళుసు. ఇంటి గోడ పక్కన పెరిగిన తురాయిని నేనైతే మిగతా చెట్లకంటే ఎక్కువగా అనుమానిస్తాను.

పరీక్ష చెట్టు మొదలు దగ్గర ప్రారంభించండి. ప్రహరీ పునాదికో, సెప్టిక్ ట్యాంకుకో, పైపులైనుకో తవ్వినప్పుడు పెద్ద వేళ్లు తెగాయేమో గుర్తు చేసుకోండి. ఒకవైపు వేళ్లు తెగిన చెట్టు ఏళ్ల తరబడి పచ్చగానే ఉంటుంది, దాని బలహీనత గాలి వచ్చిన రోజునే బయటపడుతుంది. మాను చుట్టూ సిమెంటు గచ్చు చేయించిన ఇళ్లలో వేళ్లకు గాలి, నీరు సరిగా అందవు. మాను మొదట్లో పుట్టగొడుగులు లేచాయంటే లోపల కుళ్లు ఉందని అనుమానించాలి. సుత్తితో మెల్లగా తట్టి చూడండి. డొల్ల మోత వస్తే తెలిసినవారిని పిలవండి. తొర్ర ఉన్నంత మాత్రాన చెట్టు పనికిరానిది అయిపోదు, చుట్టూ ఎంత గట్టి కలప మిగిలిందన్నదే లెక్క. ఎప్పటి నుంచో వంగి ఉండి, తల పైకెత్తి పెరిగిన చెట్టుకు అంత భయం లేదు. ఈ మధ్యే ఒరిగి, ఒరిగిన వైపుకు ఎదురుగా మట్టి పైకి లేచి పగుళ్లిస్తే మాత్రం ఆ చెట్టు కింద మంచం వేయవద్దు, పిల్లలను ఆడనివ్వవద్దు.

కొబ్బరి చెట్టు మొదలు నుంచి ఎరుపు గోధుమ రంగు బంక కారుతుంటే, మాను రంధ్రాల్లోంచి నమిలిన పీచు రాలుతుంటే, తెగులో పురుగో పట్టినట్టే. ఉద్యాన అధికారికి చూపించి నిర్ణయించుకోండి. ఆరోగ్యంగా ఉన్న కొబ్బరికి మాత్రం తుపాను ముందు కాయలు, ఎండు మట్టలు దింపిస్తే చాలు.

వేపల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2021లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వేప కొమ్మలు చివళ్ల నుంచి ఎండిపోతే చాలామంది చెట్టు చచ్చిందనుకున్నారు. వాటిలో ఎన్నో మళ్లీ చిగురించాయి. కొమ్మ ఎండితే తొందరపడకండి. బెరడును గోటితో గీకి చూడండి, కింద పచ్చదనం ఉంటే ఆగండి.

కలప కొనే వ్యాపారి మాట మీద నిర్ణయం వద్దు. కొట్టేయమనడంలో అతనికి లాభముంది. చాలా చెట్లకు ఎండు కొమ్మలు తీయించి, బరువు కొంత తగ్గిస్తే సరిపోతుంది. అలాగని తల మొత్తం నరికించకండి. ఆ మోడు నుంచి గుంపుగా లేచే కొత్త కొమ్మలకు పట్టు తక్కువ, కొన్నేళ్లకు అవే విరిగి పడతాయి.

తీసేయడం తప్పదనుకుంటే ముందు అనుమతి తీసుకోండి. 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) సొంత పెరట్లోని చెట్లకూ వర్తిస్తుంది. కొన్ని జాతులకు మినహాయింపు ఉంది కనుక మీ చెట్టు అందులో ఉందో లేదో మునిసిపాలిటీలో గానీ అటవీ శాఖలో గానీ అడగండి. గూళ్లలో పిల్లలుంటే అవి ఎగిరిపోయేదాకా ఆగండి. తేనెపట్టు ఉంటే పని మొదలుపెట్టకముందే తెలిసినవారితో తీయించాలి.

పక్కనే కరెంటు తీగలుంటే విద్యుత్ సంస్థ నంబరు 1912కు ఫోను చేసి, సరఫరా ఆపించి, ఆపినట్టు లైన్‌మన్ నోట విన్నాకే మనిషిని ఎక్కించండి. పచ్చి కొమ్మలోంచి కరెంటు పారుతుంది. గోడల మధ్య చెట్టును మొదలు నుంచి కూల్చకూడదు. పై నుంచి ముక్కలు ముక్కలుగా, ప్రతి పెద్ద కొమ్మనూ తాడుతో దించాలి. ఎక్కేవారికి నడుము బెల్టు, తలకు హెల్మెట్ ఉండాల్సిందే. కింద ఉన్నవారు చెట్టు ఎత్తుకు మించిన దూరంలో నిలబడాలి. గాలి లేచినా, చినుకు పడినా ఆ పూటకు పని ఆపేయండి. గోడ కూలితే బాధ్యత ఎవరిది, కలప ఎవరిది, మోడు ఎవరు తవ్వుతారు అన్నవి ముందే కాగితం మీద రాసుకోండి.

మోడు నేలలోనే వదిలేస్తే చెదలు చేరతాయి, వేళ్లు కుళ్లిన చోట నేల కుంగుతుంది. గుంత పూడ్చి, మట్టి కుదురుకున్నాక గోడకు దూరంగా ఉసిరో, కరివేపో, జామో నాటుకోండి.