కొత్త టైర్లు వేయించే ముందు

కోరాపుట్, జయపురం వైపు మనవాళ్లకు సుంకి ఘాట్ దిగి సాలూరు రావడం మామూలే. ఆ మలుపుల్లో వాన పడితే టైరే దిక్కు.

• సైజు పాత టైరు చూసి కాదు, డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్ చూసి చెప్పండి. 185/65 ఆర్15 88హెచ్‌లో 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది. షాపాయన ఎంత నచ్చజెప్పినా ఆ అంకె తగ్గనివ్వద్దు.

• టైరు పక్కగోడ మీద డాట్ (DOT) అక్షరాలున్న వరుసలో చివరి నాలుగంకెలు చదవండి. 2325 అంటే 2025లో 23వ వారం తయారైంది. కొన్నిసార్లు ఈ వరుస టైరుకు ఒకవైపే పూర్తిగా ఉంటుంది, కాబట్టి బిగించకముందే తిప్పి చూడాలి. డిస్కౌంట్ మరీ ఊరిస్తుంటే, పాత సరుకేమోనని ముందు అనుమానించాల్సింది ఇక్కడే.

• రెండే కొంటే కొత్తవి వెనక్కి. తడి మలుపులో వెనకభాగం జారితే బండిని ఆపడం కష్టం.

• చివరగా మరిచిపోకూడనివి: వీల్ అలైన్‌మెంట్, బిల్లు, స్టెప్నీలో గాలి.