తిరుపతి నుంచి అమెరికా హైస్కూలుకు: అక్కడ బెంచీ ఉండదు

తిరుపతిలోనో చిత్తూరులోనో తొమ్మిది, పది చదివే పిల్లల్ని తీసుకుని అమెరికా వెళ్లేవాళ్లు పాస్‌పోర్టులు, టీకాల కాగితాలు, మార్కుల జాబితాలు అన్నీ జాగ్రత్తగా సర్దుకుంటారు. మధ్యాహ్నం అన్నం వేళకు బిడ్డ ఎవరి పక్కన కూర్చుంటుందో మాత్రం ఎవరికీ తట్టదు. మొదటి నెల ఏడుపు చాలామందికి అక్కడే మొదలవుతుంది.

మన దగ్గర స్నేహాన్ని బడే కలిపి పెడుతుంది. సెక్షను, బెంచీ ఒకసారి కుదిరితే ఏడాదంతా అదే పక్క మనిషి. పిల్లలు కదలరు, సార్లే మారతారు. అక్కడ దీనికి తలకిందులు. టీచరు తన గదిలోనే ఉంటే, బెల్లు కొట్టగానే పిల్లలే ఐదారు నిమిషాల్లో ఇంకో గదికి పరుగెత్తాలి. ఎవరి టైంటేబులు వాళ్లది కాబట్టి లెక్కల క్లాసులో పక్కనున్నవాడు సైన్సులో కనబడడు. పైగా తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్ల హైస్కూల్లో మధ్యలో చేరేవాళ్లకు అప్పటికే గుంపులు కట్టేసి ఉంటాయి.

ముందు పేరు సంగతి. మన వైపు సగం ఇళ్లలో పిల్లల పేరుకు ముందు 'వెంకట' ఉంటుంది. పాస్‌పోర్టులో మొదటి మాట అదైతే హాజరు పట్టీలో బిడ్డ 'వెంకట' అయిపోతుంది. ఇంట్లో పిలిచేది హర్షిత అయితే, చేర్పించేటప్పుడే 'ప్రిఫర్డ్ నేమ్' గడిలో అది రాయండి. పేరు పలికే తీరు మొదటి రోజే టీచరుకు చెప్పమనండి. మొహమాటపడి ఊరుకుంటే తప్పు పేరే నాలుగేళ్లూ నిలబడిపోతుంది.

ఇక భోజనం. చాలా బళ్లలో ఇచ్చేది అరగంట, అందులో పదినిమిషాలు క్యూకే పోతుంది. ఇంటి నుంచి డబ్బా పట్టుకెళ్తే ఆ సమయం మిగులుతుంది, నలుగురూ కూర్చోకముందే చోటు చూసుకోవచ్చు. నిండిన బల్ల దగ్గరికి వెళ్లడం కష్టం. ఇద్దరు ముగ్గురున్న బల్ల చూసుకుని "మైండ్ ఇఫ్ ఐ సిట్ హియర్?" అని అడిగితే చాలు. అంతకంటే పరిచయం అక్కర్లేదు. అయితే ఒక జాగ్రత్త: మన పిల్లలకు పంచుకుని తినడమే స్నేహం. వేరుశనగ ఉండలు, పల్లీ పొడి మాత్రం అడక్కుండా ఎవరికీ పెట్టకూడదు. వేరుశనగ పడని పిల్లలుంటారు, వాళ్లకు అది ప్రాణం మీదికి వస్తుంది.

కొన్ని మాటలకు అర్థం వేరు. "ఐయామ్ గుడ్" అంటే చాలాసార్లు 'నాకు వద్దు' అని. "వి షుడ్ హ్యాంగౌట్ సమ్‌టైమ్" అనేది మర్యాద మాట, ఏ రోజో, ఎన్ని గంటలకో చెప్పేదాకా పిలుపు కాదు. దాన్ని నమ్ముకుని శనివారమంతా ఫోను చూస్తూ కూర్చునే పిల్లలున్నారు.

అసలు స్నేహాలు కుదిరేది బడి వదిలాక. సెప్టెంబరు ప్రాంతంలో చాలా బళ్లలో క్లబ్బుల ప్రదర్శన పెడతారు. ఆరేడు చోట్ల పేరు రాసి ఎక్కడికీ వెళ్లకపోవడం మామూలుగా జరిగే పొరపాటు. రెండు చాలు, కానీ వారం వారం వెళ్లాలి. ఆ రెండూ వేర్వేరు రకం పిల్లలుండేవి కావాలి: ఒకటి రోబోటిక్స్ అయితే రెండోది పరుగు. క్రాస్ కంట్రీ (దూరపు పరుగు) జట్టు చాలా బళ్లలో అందరినీ చేర్చుకుంటుంది. మాట తడబడే పిల్లలకు నాటకాల తెర వెనక పని బాగుంటుంది. రంగులు వేస్తూ, దీపాలు కడుతూ మాట్లాడటం సులువు. ఆటలకు డాక్టరు సంతకం చేసిన ఫారం ముందే ఇవ్వాలి. శరత్కాలపు ఆటల ఎంపికలు చాలాచోట్ల ఆగస్టులోనే అయిపోతాయి. సాయంత్రం బస్సు ఉందో లేదో ఆఫీసులో అడగండి, లేకపోతే క్లబ్బు మాటలకే మిగులుతుంది.

రెండు గుంపులు ఎందుకంటే, ఒక్క బల్లే ఉన్నవాడు ఆ బల్ల దగ్గర 'వద్దు' అనలేడు. దేశీ (భారత మూలాలున్న) పిల్లల బల్ల దగ్గర మొదలుపెట్టడంలో తప్పేం లేదు, అయితే అక్కడ పుట్టినవాళ్లు కొత్తగా వచ్చినవాళ్లను 'ఫాబ్' (ఇప్పుడే పడవ దిగినవాడు) అని ఎగతాళి చేయడమూ ఉంది. ఇంట్లో "నల్లోళ్లతో తిరగొద్దు" అనే పెద్దలున్నారు. ఆ మాట తప్పు, పైగా బిడ్డకు సగం తలుపులు మూసేస్తుంది. చూడాల్సింది నడవడి.

తోటి పిల్లల ఒత్తిడి అంటే మనవాళ్లకు మందు, సిగరెట్లే గుర్తొస్తాయి. బాగా చదివే గుంపులో అది వేరే వేషంలో వస్తుంది. "రేయ్, హోంవర్క్ ఇయ్యిరా" అంటే ఇక్కడ ఇవ్వకపోవడమే ద్రోహం. అక్కడ చూసి రాసినవాడితో పాటు ఇచ్చినవాడికీ సున్నా పడొచ్చు, రికార్డులోకీ ఎక్కొచ్చు. "ఎలా చేయాలో చెప్తా, కాగితం ఇవ్వను" అనడం నేర్పండి. పరీక్షల ముందు "దీనితో నిద్ర రాదు" అని ఎవరైనా మాత్ర ఇస్తే అసలు తీసుకోకూడదు. ఇంకొకరి మందుచీటీ మాత్ర వాడటం నేరం. బయట దొరికే నకిలీ మాత్రల్లో ఫెంటనిల్ అనే ప్రాణాంతక మత్తుమందు కలిసి పిల్లలు చనిపోతున్నారు.

21 నిండనివాళ్లకు సిగరెట్లు, వేప్‌లు (ఎలక్ట్రానిక్ సిగరెట్లు) అమ్మడం 2019 డిసెంబరు నుంచి దేశమంతటా నిషిద్ధం. వేప్ పెన్‌డ్రైవ్‌లా ఉంటుంది, పండ్ల వాసన వేస్తుంది, చేతులు మారేది ఎక్కువగా బాత్‌రూముల్లోనే. కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో 21 దాటినవాళ్లకు గంజాయి చట్టబద్ధమే. కానీ వీసాలు చూసేది అమెరికా కేంద్ర చట్టం, దాని ప్రకారం గంజాయి నిషిద్ధమే. వాడానని అధికారి ముందు ఒప్పుకున్నా చిక్కే. స్నేహితులకు లేని ఈ భయం మీ బిడ్డకు ఉంది, దాచకుండా చెప్పండి. హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగుల భార్యాభర్తలకు, పిల్లలకు ఇచ్చే వీసా) మీదున్న పిల్లలు జీతం తీసుకుని పని చేయకూడదన్నదీ అంతే. ఐస్‌క్రీమ్ కొట్లో పనికి చేరే స్నేహితురాలి వెంట వెళ్లి చేరిపోతే వీసాకు ముప్పు.

పార్టీకి పంపేటప్పుడు కారు ఎవరు నడుపుతారో అడగండి. మనకు ఒక సౌకర్యం ఉంది, అది తెలుగు. "అమ్మా, రాగి సంగటి చేసినావా?" అని బిడ్డ ఫోన్ చేస్తే 'వచ్చి తీసుకెళ్లు' అని అర్థంగా ముందే అనుకోండి. పక్కనున్నవాళ్లకు ముక్క అర్థం కాదు. మీరు వెంటనే బయల్దేరాలి. "మా అమ్మ రమ్మంటోంది" అని చెప్పి బిడ్డ బయటపడుతుంది, నింద మీ మీద వేసుకోండి. ఆ రాత్రి కారులో తిట్టొద్దు, తిడితే రెండోసారి ఫోన్ రాదు. మాట్లాడాల్సింది మర్నాడు టిఫిన్ అయ్యాక.