రెండో అవకాశానికి వెల ఎంత: యువ పాఠకుల కోసం అతీంద్రియ ప్రేమకథ రాసే పద్ధతి

చనిపోయినవారు తిరిగి రావడం, గత జన్మ గుర్తుకు రావడం, విధి విడదీసిన ఇద్దరికి మరో అవకాశం దొరకడం: వీటిలో దేని చుట్టూ కథ అల్లదలచుకున్నా, మొదటి అధ్యాయం మొదలుపెట్టక ముందే రచయిత ఒక ప్రశ్నకు జవాబు రాసి పెట్టుకోవాలి. ఆ రెండో అవకాశం కోసం ఎవరు ఏమి చెల్లిస్తున్నారు? ఈ జవాబు లేని నవలలో అద్భుతాలు ఎన్ని జరిగినా, కొన్ని అధ్యాయాలు గడిచేసరికి పాఠకుడిలో భయమూ మిగలదు, ఆశా మిగలదు. రచయిత తలచుకుంటే ఎవరైనా బతికి రావచ్చునని అతనికి అప్పటికే తెలిసిపోయి ఉంటుంది.

ఈ విషయంలో మహాభారతం ఆదిపర్వంలోని రురు ప్రమద్వరల కథను మించిన పాఠం నాకు కనిపించలేదు. పెళ్లి దగ్గర పడిన రోజుల్లో చెలికత్తెలతో ఆడుకుంటూ ప్రమద్వర చూడక పామును తొక్కుతుంది, ఆ కాటుకు ప్రాణం విడుస్తుంది. అడవిలో ఒంటరిగా విలపిస్తున్న రురుడికి దేవదూత ఒకే ఒక దారి చెబుతాడు: తన ఆయుష్షులో సగం ఇస్తే ఆమె లేచి కూర్చుంటుంది. రురుడు ఇస్తాడు. వెల స్పష్టంగా ఉంది, కొలతకు అందుతుంది, ప్రేమించినవాడి బతుకులోంచే పోతుంది. అంతకన్నా విలువైనది ఆ తర్వాతి భాగం. ఆమె దక్కినా రురుడి కోపం చల్లారదు. కనిపించిన పామునల్లా చంపుతూ తిరుగుతాడు, చివరికి డుండుభం అనే విషం లేని పాము ఒకటి తన తప్పేమిటని అతన్ని నిలదీస్తుంది. పోయింది తిరిగి దొరికినా, పోగొట్టుకున్న క్షణం మనిషిని వదలదని ఆ ఘట్టం చెబుతోంది. యువ పాఠకుల నవలలో రెండో సగమంతా ఈ ఒక్క సత్యం మీద నడపవచ్చు. తన కోసం ఒకరు సగం ఆయుష్షు వదులుకున్నారని తెలిసిన ప్రమద్వర మనసులో ఏముందో మాత్రం ఆ కథ పట్టించుకోదు. నేటి రచయిత అడుగు పెట్టవలసిన చోటు సరిగ్గా అదే.

వెల తేలిన తర్వాత నియమం కావాలి, నియమానికి ఒక స్థలం కావాలి. పాడుబడిన బంగళా, అమావాస్య రాత్రి వంటివి చేతికి సులభంగా అందుతాయి కాబట్టే వాటిని పక్కన పెట్టి, నిజంగా ఉన్న చోటును, దాని స్వభావాన్ని ఆధారం చేసుకోవడం మేలు. నంద్యాల జిల్లాలోని సంగమేశ్వరాన్ని తీసుకోండి. శ్రీశైలం జలాశయం వెనుక నీటిలో ఏడాదిలో ఎక్కువ కాలం మునిగి ఉండే ఆ ఆలయం, నీరు తగ్గే వేసవి నెలల్లో బయటపడి, పూజలందుకొని, కృష్ణకు వరద రాగానే మళ్లీ మునిగిపోతుంది. అదే జలాశయం కారణంగా కూడవెల్లిలోని మరో సంగమేశ్వరాలయాన్ని మాత్రం రాళ్లు విప్పి అలంపురానికి తరలించి తిరిగి కట్టారు. ఒకదానికి కొత్త చోట రెండో బతుకు దొరికింది, మరొకటి నీటిలోనే ఉండిపోయింది. ప్రేమకథకు ఇంతకన్నా బలమైన పునాది వెతకనక్కర్లేదు.

ఇప్పుడు కథ కట్టి చూద్దాం. ఇందు అనే అమ్మాయికి పదిహేడేళ్లు, కర్నూలులో ఇంటర్ రెండో సంవత్సరం. ఆమె అవ్వది మునిగిపోయిన ఊరు. ఊరు ఖాళీ చేస్తున్న రోజుల్లో, 1980ల తొలి ఏళ్లలో, నీటి పాలైన ఓబులేసు అనే పద్దెనిమిదేళ్ల కుర్రవాడు, సంగమేశ్వరం గుడి మెట్లు బయటపడి ఉన్నంత కాలమే కనిపిస్తాడు. అతనితో గడిపిన ప్రతి పూటకూ ఇందు జ్ఞాపకాల్లోంచి ఒకటి అతనికి చేరుతుంది, ఆమెకు పోతుంది. స్థలం, గడువు, వెల మూడూ ఒకే నీటిలోంచి పుట్టాయి కనుక పాఠకుడికి వేరే వివరణ అక్కర్లేదు.

ఆ వెలను ప్రకటించవద్దు, ఇంట్లో జరిగే చిన్న పనిలో చూపించండి. అవ్వ రొట్టె తడుతుండగా ఇందు అడుగుతుంది: “అవ్వా, చిన్నప్పుడు నన్ను ఏమని పిలిచేదానివి?” పిండి మీద అవ్వ చెయ్యి ఆగిపోతుంది. “నిన్నటి దాంక అట్లే పిలుస్తాంటి గదమ్మే.” ఇంతే చాలు. ఇందు గుండె ఝల్లుమన్నదని కింద మరో వాక్యం చేర్చితే సన్నివేశం చెడుతుంది.

విధిని కథలోకి తేవడానికి సావిత్రి ఉపాఖ్యానం దారి చూపుతుంది. సత్యవంతుడికి ఇంకా ఏడాదే ఆయుష్షని నారదుడు పెళ్లికి ముందే చెప్పేస్తాడు. గడువు తెలిసే సావిత్రి అతన్ని పెళ్లాడుతుంది, గడువు దగ్గర పడగానే మూడు రాత్రుల ఉపవాసం పడుతుంది, యముడి వెంట నడిచి మాటలతోనే వరాలు సంపాదిస్తుంది. విధిని చివర బయటపడే రహస్యంగా దాచడం కంటే మొదట్లోనే చెప్పడం ఎక్కువ ఉత్కంఠ కలిగిస్తుంది. ఇందు జాతకంలో పదిహేడో ఏట జలగండం ఉందన్న సంగతి తొలి అధ్యాయంలోనే ఇంట్లోవాళ్ల నోట రావాలి. ఆ గండాన్ని దాటించేది అదృష్టమో, తాయెత్తో కాకూడదు, ఆమె తీసుకున్న నిర్ణయమే కావాలి.

ఈ కథలు చదివేది పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలు కూడా కాబట్టి ఒక విషయంలో నేను పట్టుదలగా ఉంటాను. గత జన్మ బంధం ఈ జన్మలో ఎవరికీ హక్కు ఇవ్వదు. “నువ్వు నాదానివి, గుర్తు తెచ్చుకో” అంటూ అమ్మాయి వెంటపడే అబ్బాయిని రుణానుబంధం పేరుతో నాయకుణ్ణి చేయకండి. ఇందు కాదనగలిగే వీలు ప్రతి కలయికలోనూ ఉండాలి, ఒకసారైనా ఆమె కాదనాలి, ఓబులేసు ఆ మాటను మన్నించాలి. అలాగే వందల ఏళ్లు బతికిన ఆత్మకు పదిహేడేళ్ల పిల్లను జత చేయడం కంటే, మరణంతో పాటే వయసూ అనుభవమూ ఆగిపోయిన కుర్రవాణ్ణి తీసుకుంటే ఇద్దరూ సమానంగా తడబడతారు. హాస్టల్ స్టడీ అవర్లు, పరీక్షల భయం, దాచుకున్న ఫోను వంటివి ప్రేమకు అడ్డంకులుగా ఉంటే చాలు, వాటి మీద పేజీలు నింపనక్కర్లేదు.

ముగింపును ముందే ఒక పేజీలో రాసుకోండి. వరద వచ్చే ముందు ఇందు ఏ జ్ఞాపకాన్ని తనంతట తాను ఇస్తుంది, దేన్ని ఇవ్వనంటుంది అన్నది తేలితే మధ్యలోని అధ్యాయాలకు దిశ దొరుకుతుంది. చెల్లించిన వెలను చివరి పేజీలో వరంగా తిరిగి ఇచ్చేయవద్దు. పోయిన జ్ఞాపకాలు పోయినట్టే ఉండాలి. రాత పూర్తయ్యాక నియమాలను ఒక కాగితం మీద పెట్టుకొని ప్రతి అధ్యాయాన్నీ దానితో సరిచూడండి: నీరు ఏ మెట్టు దగ్గర ఉంది, ఓబులేసు కనిపించడానికి వీలుందా, ఇందు మరచిపోయిన పేరు పొరపాటున మళ్లీ ఆమె నోట వచ్చిందా. తప్పు దొరికిన చోట నియమాన్ని సడలించకుండా, ఆ సన్నివేశాన్నే తిరిగి రాయండి.