అమెరికా వ్యవసాయ బయోటెక్ ఎగుమతుల గ్రాంట్: దరఖాస్తు ఎలా చేయాలి?

జన్యుమార్పిడి మొక్కజొన్న, సోయా, పత్తి వేరే దేశానికి పంపేటప్పుడు చాలాసార్లు అడ్డుపడేది సుంకం కాదు, అక్కడి నిబంధన. 2013 చివర్లో చైనాలో జరిగింది అదే. తాను ఇంకా అనుమతించని ఎంఐఆర్162 అనే జన్యుమార్పిడి రకం కనిపించిందని అమెరికా మొక్కజొన్న ఓడలను వెనక్కి పంపింది. ఆ రకానికి అనుమతి దొరికేసరికి 2014 డిసెంబర్ వచ్చింది. నష్టపోయిన రైతులు విత్తన కంపెనీ మీద వేసిన కేసులు చివరకు 151 కోట్ల డాలర్ల సెటిల్‌మెంట్‌తో ముగిశాయి. ఇలాంటి చిక్కులను ముందే విప్పడానికి అమెరికా వ్యవసాయ శాఖలోని ఫారిన్ అగ్రికల్చరల్ సర్వీస్ (ఎఫ్ఏఎస్) గ్రాంట్లు ఇస్తుంది. దీనికి ఆధారం 1990 నాటి వ్యవసాయ చట్టంలోని 1543ఏ సెక్షన్.

ఇది సరుకు అమ్ముకోవడానికో, ప్రకటనలకో ఇచ్చే డబ్బు కాదు. అవతలి దేశపు అధికారులకు శిక్షణ, పరీక్షా విధానాలపై సాంకేతిక సాయం, నిబంధనల మీద చర్చలు లాంటి పనులకే. పైగా అమెరికా ఎగుమతుల కోసం పెట్టిన నిధి కాబట్టి, హైదరాబాద్ విత్తన కంపెనీ తన సొంత ఎగుమతుల కోసం దీన్ని అడగడానికి వీల్లేదు. అమెరికా యూనివర్సిటీల్లో, రైతు సంఘాల్లో, పరిశ్రమ సంస్థల్లో పనిచేసే మనవాళ్లకు మాత్రం ఇది పనికొచ్చే సమాచారం. దరఖాస్తులు పిలిచే నోటీసు ఎప్పుడు వస్తుందన్నది అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) నిధుల కేటాయింపును బట్టి ఉంటుంది. వచ్చిన రోజే అందులో ముందుగా అర్హతల భాగం చదవండి.

అయితే నోటీసు కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి. ముందు అమెరికా ప్రభుత్వ రిజిస్ట్రేషన్ వెబ్‌సైట్ సామ్.గవ్‌లో సంస్థను రిజిస్టర్ చేయాలి. అక్కడ అక్షరాలు, అంకెలు కలిపి 12 ఉండే యూఈఐ అనే గుర్తింపు సంఖ్య ఇస్తారు. ఇదివరకు గుర్తింపుగా వాడిన డన్స్ నంబర్ 2022 ఏప్రిల్ నుంచి చెల్లడం లేదు. ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. మీరు నింపిన పేరు, చిరునామా మీ చట్టబద్ధ పత్రాల్లో ఉన్నట్టే అచ్చంగా ఉండాలి. ఒక కాగితంలో సూట్ (ఆఫీసు గది) నంబర్ ఉండి ఇంకోదానిలో లేకపోయినా ధ్రువీకరణ ఆగిపోవచ్చు, అది తేలడానికి వారాలు పట్టవచ్చు. రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం. "మేం చేసిపెడతాం, ఫీజు కట్టండి" అని వచ్చే మెయిల్స్‌కు లొంగకండి. ఏటా రెన్యువల్ ఉంటుంది.

తర్వాత దరఖాస్తు సమర్పించే వెబ్‌సైట్ గ్రాంట్స్.గవ్‌లో ఖాతా. సంస్థ తరఫున దరఖాస్తు సమర్పించే అధికారం మీకుండాలంటే, సామ్‌లో నమోదైన ఈ-బిజినెస్ ప్రతినిధి మీకు ఆ పాత్ర కేటాయించాలి. ఆయన సెలవులో ఉంటే గడువు రోజున మీరు ఎంత టెన్షన్ పడ్డా లాభం లేదు.

ఇక ప్రతిపాదన. నన్నడిగితే నెగ్గడమో వీగిపోవడమో తేలేది సమస్యను ఎంత సూటిగా చెప్పారన్న దానిపైనే. "ఆసియాలో బయోటెక్ అవగాహన పెంచుతాం" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. భారత్‌నే తీసుకోండి. 24 ఆహార పంటల దిగుమతులకు జన్యుమార్పిడి కాదన్న సర్టిఫికెట్ ఉండాలని, పొరపాటున కలిసినా 1 శాతం మించకూడదని 2021 మార్చి 1 నుంచి ఫుడ్ సేఫ్టీ అథారిటీ అమలు చేస్తోంది. ఏ దేశం, ఏ ఉత్తర్వు, ఏ సరుకు, ఎంత వ్యాపారం ఆగుతోంది, ఏ అధికారితో ఏం మాట్లాడతారు, ఫలితాన్ని ఎలా కొలుస్తారు అనేవి ఇంత వివరంగానే రాయాలి. రాయడానికి కూర్చునే ముందు, ఆ దేశంపై ఎఫ్ఏఎస్ ప్రచురించే వార్షిక బయోటెక్నాలజీ నివేదిక తప్పక చదవండి. అక్కడి చట్టాలు, ఏ రకాలకు అనుమతి ఉందన్న వివరాలు అందులో దొరుకుతాయి.

దరఖాస్తు ముఖపత్రం ఎస్ఎఫ్-424, బడ్జెట్ ఫారం 424ఏ. ప్రతి ఖర్చుకూ కారణం రాయాలి. మద్యం, లాబీయింగ్ ఖర్చులు గ్రాంట్‌లో చూపకూడదు. విదేశీ ప్రయాణాలకు, కొన్ని మినహాయింపులు తప్ప, అమెరికా విమాన సంస్థల టికెట్లే కొనాలి. అందుకే చవక టికెట్ ధరతో అంచనా వేస్తే బడ్జెట్ చాలదు. పరోక్ష ఖర్చులకు (ఆఫీసు నిర్వహణ లాంటివి) ప్రభుత్వంతో ఒప్పుకున్న రేటు లేని సంస్థలు 2024 అక్టోబర్ నుంచి 15 శాతం వరకు తీసుకోవచ్చు. అంతకుముందు అది 10 శాతమే. నోటీసులో వేరే పరిమితి ఉంటే దాన్నే పాటించాలి.

గడువు వాషింగ్టన్ సమయం ప్రకారం లెక్క. కనీసం రెండు మూడు రోజుల ముందే పంపండి. పంపగానే ట్రాకింగ్ నంబర్ వస్తుంది గానీ అది అంగీకారం కాదు. రెండు పనిదినాల్లోపు సిస్టమ్ తనిఖీ చేసి, సరిగా ఉందనో తిరస్కరించామనో మెయిల్ పంపుతుంది. తప్పులున్నాయని తిప్పి పంపితే గడువులోపే సరిచేసి మళ్లీ పంపాలి. ఆ మెయిల్‌ను దాచుకోండి, దరఖాస్తు పరిశీలన పూర్తయ్యేదాకా సామ్ రిజిస్ట్రేషన్ గడువు తీరిపోకుండా చూసుకోండి.