మిద్దె తోట మట్టి మిరుగం లోపే కలిపి పెట్టుకోండి

మిద్దె మీద కూరగాయలు పెడదామనుకునేవాళ్లు చాలామంది ముందు నర్సరీకి పోయి నారు కొంటారు, మట్టి సంగతి తర్వాత చూస్తారు. ముందు మట్టి పని మొదలుపెట్టండి. ఏప్రిల్ ఆఖర్లో మట్టి తెచ్చుకుంటే రోహిణి కార్తె ఎండలు అయ్యేసరికి అది శుభ్రమై, మిరుగానికి (మృగశిర కార్తెకు) విత్తనం పడేలా తయారవుతుంది. రెడీమేడ్ పాటింగ్ మిక్స్ ప్యాకెట్లు నాకైతే దండగనిపిస్తాయి. వరంగల్ చుట్టూ ఎర్రమట్టి, పశువుల పెంట, రైస్ మిల్లు ఊక ఉన్నాయి, ఇక కొనాల్సింది కొబ్బరి పొట్టు, వేప పిండి, మట్టిలో తెగుళ్లను అణిచే ట్రైకోడెర్మా పొడి.

మట్టికి చెల్క నేల, అంటే ఇసుకపాలున్న ఎర్ర నేల మంచిది. హన్మకొండలోనో కాజీపేటలోనో ఇల్లు కడుతున్న జాగా పక్కన కుప్ప కనపడిందని ఎత్తుకొచ్చుకోకండి, అందులో సిమెంటు, సున్నం కలిసి ఉంటే మట్టికి క్షార గుణం పెరిగి లేత ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి, ఎంత ఎరువేసినా తేరుకోవు. సేంద్రియం అనుకుంటూ పత్తి చేను మట్టి తేవడం కూడా వద్దు, గడ్డిమందు కొట్టిన నేలో కాదో మనకేం తెలుస్తుంది? నల్ల రేగడి కుండీకి పనికిరాదు. ఎండితే బిగుసుకుని కుండీ అంచును వదిలేస్తుంది, పోసిన నీళ్లు ఆ సందులోంచి జారి అడుగు రంధ్రంలో బయటపడతాయి, వేరుకు మాత్రం సరిగా అందవు. చెరువు మట్టి పొలానికి బంగారమే గానీ కుండీలో అదీ గట్టిపడుతుంది, వేస్తే మొత్తం మట్టిలో నాలుగో వంతు మించనివ్వకండి.

తెచ్చిన మట్టిని జల్లించి, తడిపి, జానెడు కన్నా మందం లేకుండా పరిచి, పైన పలుచని పారదర్శక పాలిథిన్ షీటు కప్పి అంచుల మీద ఇటుకలు పెట్టండి. నల్ల షీటు వద్దు, పారదర్శకమైతేనే లోపల వేడి బాగా ఎక్కుతుంది. 4 నుంచి 6 వారాలు అలా ఉంటే తెగుళ్ల బూజు, నులిపురుగులు, కలుపు గింజలు చాలావరకు చస్తాయి. మన మే ఎండలు ఇంత పనికొచ్చేది ఇంకెక్కడా లేదు.

అసలు గండం ఎరువు దగ్గరే. ఊర్లో చుట్టాల ఇంటి పెంటకుప్ప నుంచి తెచ్చుకుంటే పై పొర తీసుకోకండి, అది పచ్చిది, అడుగు పొర అడగండి. చెయ్యి లోపల పెడితే వేడి తగలొద్దు, పేడ వాసన రావొద్దు, గడ్డి పోచ గుర్తుపట్టేలా ఉండొద్దు. మాగని ఎరువు కుండీలో మాగడం మొదలుపెడితే ఆ వేడికి వేర్లు మాడతాయి, పైగా చెదలు, వేర్లు కొరికే లావు తెల్ల పురుగులు దాంతోపాటే వస్తాయి. మాగిన ఎరువు 10 కిలోలకు కిలో వేప పిండి, 100 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి పొడి కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో గోనె సంచి కప్పి రెండు వారాలు ఉంచండి, మధ్యలో ఒకట్రెండు సార్లు తిరగెయ్యండి. పైన బూజులాగా కనిపిస్తే టెన్షన్ పడొద్దు, ట్రైకోడెర్మా కూడా బూజు జాతిదే.

కొబ్బరి పొట్టు దిమ్మను నానబెట్టి రెండు మూడు నీళ్లతో కడిగి పిండండి, అందులో ఉప్పు ఉంటుంది. 5 కిలోల దిమ్మ నానితే 60 లీటర్ల పైనే అవుతుంది కాబట్టి తొందరపడి నాలుగు కొనకండి. ఊక అయితే నల్లగా కాలింది తీసుకోండి, తెల్ల బూడిద అయిపోయింది వద్దు.

పాళ్లు తట్టలతో కొలవండి: మట్టి 4, సిద్ధం చేసిన ఎరువు 3, కొబ్బరి పొట్టు 2, నల్ల ఊక 1. వానకాలం పంటకు పొట్టు ఒక తట్ట తగ్గించి ఊక ఒకటి పెంచుతాను, ఎందుకంటే ముసురు పట్టినప్పుడు పొట్టు నీళ్లు వదలదు. కలిపాక గుప్పెట్లో పిసకండి. ముద్ద కట్టి, వేలితో తాకగానే విడిపోవాలి. వేళ్ల మధ్య నీళ్లు కారితే తడి ఎక్కువైంది, ముద్దే కట్టకపోతే ఇంకాస్త చిలకరించండి.

కుండీ అడుగున కంకర పోస్తే నీళ్లు బాగా దిగుతాయని అందరూ చెప్తారు, నిజం కాదు. సన్న మట్టిలో పట్టుకున్న నీళ్లు కంకర దగ్గరికొచ్చి ఆగిపోతాయి, తడి ఇంకా పైకి, వేర్ల దాకా వస్తుంది. రంధ్రం మీద ఒక పెంకు ముక్క చాలు. 12 అంగుళాల వెడల్పు, అంతే ఎత్తున్న గ్రో బ్యాగుకు సుమారు 20 లీటర్ల మిశ్రమం పడుతుంది, తడిస్తే బాగా బరువు, అందుకే స్లాబు నడిమధ్యలో గుంపుగా కాకుండా గోడల వెంట పెట్టుకోండి. పైన రెండంగుళాలు ఖాళీ వదిలితే తర్వాత ఎరువు వేయడానికి జాగా ఉంటుంది.

పంట అయ్యాక ఈ మట్టి పారేయకండి. వేర్లు ఏరి, ఎండబెట్టి, మూడో వంతు కొత్త ఎరువు కలిపితే మళ్లీ వస్తుంది. కాకపోతే టమాట తీసిన బ్యాగులో వెంటనే టమాట, వంకాయ, మిరప పెట్టకండి, అవన్నీ ఒకే కుటుంబం, ఎండు తెగులు మట్టిలోనే ఉండిపోతుంది. గోరుచిక్కుడో తోటకూరో వేసుకోండి.